తలసరి ఆదాయం: ఎవరి తల, ఎంత సరి?

సంపాదకులు గారికి,

విశాఖ జిల్లా పేజీల్లో ఏటా రెండు మూడు సార్లు ఒకే తరహా వార్త కనిపిస్తుంది. తలసరి ఆదాయంలో విశాఖ ముందు వరుసలో ఉంది, పేదరికం ఆరు శాతానికి దిగింది, వృద్ధి రెండంకెలు దాటింది. మూడు అంకెలూ ఒకే పెట్టెలో, పెద్ద అక్షరాల్లో ఉంటాయి. విడివిడిగా ప్రతి అంకెకూ ఆధారం ఉంది. కలిపి చదివినవాడు మాత్రం దారి తప్పుతాడు. మొదటిది ఇక్కడ పుట్టిన సరుకుల, సేవల విలువ. రెండోది 2019-21 నాటి కుటుంబ ఆరోగ్య సర్వే నుంచి తీసిన రాష్ట్రం మొత్తం లెక్క. మూడోది చాలాసార్లు ధరల పెరుగుదలను కూడా మింగిన వృద్ధి. అభివృద్ధి అర్థశాస్త్రం మొదటి ఏడాది చదివేవాళ్లకు సిద్ధాంతాల కంటే ముందు ఇలాంటి అంకెల్ని విప్పడం నేర్పాలి. పాఠకులకూ ఆ అవసరం ఉందని ఈ ఉత్తరం.

తలసరి ఆదాయం అనగానే మనిషి చేతికొచ్చే డబ్బు అనుకుంటాం. జిల్లా లెక్కలో దాని అర్థం వేరు. జిల్లా సరిహద్దుల లోపల ఏడాదిలో తయారైన సరుకుల, సేవల విలువలోంచి కొన్న ముడిసరుకుల ఖర్చు తీసేసి, యంత్రాల తరుగు కూడా తీసేసి, మిగిలినదాన్ని జనాభాతో భాగిస్తారు. మల్కాపురం దగ్గరి రిఫైనరీనే చూడండి. ఓడలో దిగిన ముడిచమురు ఖర్చు పోగా మిగిలేవి జీతాలు, వడ్డీలు, లాభం. జీతాల్లో చాలాభాగం గాజువాక, మర్రిపాలెం కొట్లలోనే ఖర్చవుతుంది. వడ్డీ బ్యాంకులకు పోతుంది. లాభం ముంబయిలోని ప్రధాన కార్యాలయం మీదుగా వాటాదార్లకు, దాని మీద పన్ను ఢిల్లీకి చేరుతాయి. అయినా అదంతా విశాఖ ఆదాయం కిందే జమ. లెక్క కట్టేవాళ్లు ఇందులో దాచిందేమీ లేదు. ఆదాయం పుట్టినచోట లెక్కించే పద్ధతి అని వాళ్లే చెబుతారు. చేరినచోట లెక్కించాలంటే జిల్లా గట్టు దాటే ప్రతి రూపాయినీ పట్టుకోవాలి. ఆ సమాచారం ఎవరి దగ్గరా ఉండదు.

ఇదే పద్ధతి శ్రీకాకుళాన్ని ఉన్నదానికంటే పేదగా చూపిస్తుంది. అక్కడి నుంచి వచ్చి మధురవాడలో సెంట్రింగ్ పని చేసే మేస్త్రీ ఉత్పత్తి విశాఖ ఖాతాలో పడుతుంది. అతను ఇంటికి పంపిన డబ్బు శ్రీకాకుళం జిల్లా ఉత్పత్తిలో ఎక్కడా కనబడదు. గుజరాత్ తీరాన పడవల మీద పనిచేసే ఉత్తరాంధ్ర మత్స్యకారులదీ ఇదే వరస. గాజువాకలో కాపురం ఉండి పరవాడ ఫార్మా కంపెనీకి వెళ్లొచ్చే కార్మికుడిది ఇంకా విచిత్రం. తల విశాఖలో లెక్కకొస్తుంది, చెయ్యి అనకాపల్లి జిల్లాలో.

కింద పెట్టే జనాభా సంగతీ చూడాలి. ఆఖరి జనగణన 2011లో జరిగింది, 2021లో జరగాల్సింది జరగలేదు. కొత్త జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఆ ఫలితాలు వచ్చేదాకా మనం భాగిస్తున్నది అంచనా జనాభాతోనే. వలసలు అంచనాకు మించి వచ్చిన నగరానికి తలసరి ఎక్కువగా, మనుషులు వెళ్లిపోయిన మండలాలకు తక్కువగా తేలుతుంది.

అన్నిటికంటే ఎక్కువ మాయ చేసేది సరిహద్దు. 2022 ఏప్రిల్ 4న ఉమ్మడి విశాఖ జిల్లా విడిపోయింది. అనకాపల్లి వేరైంది, పాడేరు, అరకు ఏజెన్సీ అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. ఒక ఊహా లెక్క వేద్దాం. 40 లక్షల జనాభా ఉన్న జిల్లాలో 30 లక్షల మందికి సగటున 3 లక్షల రూపాయలు, కొండ మీది 10 లక్షల మందికి సగటున లక్ష. జిల్లా తలసరి 2.5 లక్షలు. కొండ ప్రాంతాన్ని విడదీసిన మర్నాడు మిగిలిన జిల్లా తలసరి 3 లక్షలు, అంటే 20 శాతం పెరిగింది. ఈ పెరుగుదలలో ఎవరి ఇంట్లోనూ ఒక్క రూపాయి అదనంగా చేరలేదు. విభజనకు ముందు ఏడాది విశాఖను, తర్వాతి ఏడాది విశాఖను పక్కపక్కన పెట్టి ఇంత పెరిగింది అని రాయడం అందుకే కుదరదు. పాత ఏడాదిని కొత్త హద్దులకు సరిదిద్ది లెక్కగట్టారా లేదా అని ముందు అడగాలి.

వృద్ధి రేటు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, తప్పు ఎప్పుడూ ఒకచోటే జరుగుతుంది. ప్రస్తుత ధరల్లో 12 శాతం వృద్ధి అనుకోండి. అదే ఏడాది ధరలు 5 శాతం, జనాభా ఒక శాతం పెరిగాయనుకోండి. 1.12ని 1.05తో, వచ్చినదాన్ని 1.01తో భాగించాలి. మిగిలేది మనిషికి 5.6 శాతం. ప్రకటనల్లో ఆ 12 పైన ఉంటుంది, ‘ప్రస్తుత ధరల్లో’ అన్న మాట పట్టిక అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ 12ని దేశం స్థిర ధరల (అంటే ధరల పెరుగుదల తీసేసిన) వృద్ధి పక్కన పెట్టి మనం రెట్టింపు వేగంతో పోతున్నామనేవాళ్లూ ఉన్నారు. ఈ తేడా చిన్నది కాదు. 70ని వృద్ధి శాతంతో భాగిస్తే ఆదాయం రెట్టింపు కావడానికి పట్టే ఏళ్లు ఉజ్జాయింపుగా తెలుస్తాయి. 12తో భాగిస్తే ఆరేళ్లు దాటదు, 5.6తో భాగిస్తే పన్నెండున్నర.

ఇక పేదరికం. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ అంకె ముందు పండితులే తడబడ్డారు. 2004-05లో దేశంలో పేదలు ఎంత శాతం? ఒక అధికారిక లెక్క 27.5 అంటుంది, ఇంకొకటి 21.8, ప్రణాళికా సంఘం వేసిన టెండూల్కర్ కమిటీ లెక్క 37.2. ఏడాది ఒకటే, ఇంటి ఖర్చుల మీద జాతీయ నమూనా సర్వే ఒకటే. మొదటి రెంటికీ మధ్య తేడా అంతా జ్ఞాపకం గడువుది. ‘గత 30 రోజుల్లో ఎంత ఖర్చు చేశారు’ అని అన్నిటికీ ఒకే ప్రశ్న వేస్తే 27.5 వచ్చింది. బట్టలు, చెప్పులు, చదువు, ఆసుపత్రిలో చేరిక, మన్నికైన వస్తువులకు మాత్రం ‘గత 365 రోజుల్లో’ అని అడిగితే 21.8 వచ్చింది. పేదింట్లో బట్టలు పండక్కి కొంటారు. సర్వే మనిషి మామూలు నెలలో వస్తే బట్టల ఖర్చు సున్నా, ఏడాది అడిగితే అది లెక్కకొస్తుంది. టెండూల్కర్ కమిటీ ఈ రెండో రకం ప్రశ్నావళినే తీసుకుని గ్రామాలకు దారిద్ర్య రేఖను పైకి జరిపింది. దాంతో 37.2 తేలింది.

ఇప్పుడు వాడుతున్న పద్ధతిలో మూడు గడువులున్నాయి. వంటనూనె, గుడ్లు, చేపలు, మాంసం, కూరగాయలు, పళ్లకు 7 రోజులు. బియ్యం, పప్పుల వంటివాటికి 30 రోజులు. బట్టలు, మన్నికైన సరుకులకు 365 రోజులు. పూర్ణా మార్కెట్లో పోయిన నెల ఎన్ని కిలోల వంకాయలు కొన్నారో ఏ ఇల్లాలూ చెప్పలేదు, పోయిన వారానివైతే చెబుతుంది. గడువు తగ్గితే మర్చిపోయేది తగ్గుతుంది, చెప్పే ఖర్చు పెరుగుతుంది, పేదరికం శాతం దిగుతుంది. 2022-23 సర్వేలో ఇంకో మార్పు వచ్చింది. ఒకే ఇంటికి మూడు నెలల్లో మూడుసార్లు వెళ్లి తిండి ఖర్చు ఒకసారి, సబ్బులు, అద్దెల లాంటివి ఒకసారి, మన్నికైన వస్తువులు ఒకసారి అడిగారు. గంటల తరబడి కూర్చోబెట్టి అడిగితే జనం విసుగెత్తి ‘లేదు, లేదు’ అనేయడం ఇందువల్ల తగ్గుతుంది. మంచి మార్పే. కానీ 2011-12తో పోల్చి చెప్పే తగ్గుదలలో కొంత భాగం ఈ ప్రశ్నల తీరుదే అయ్యుండాలి.

ఆ పైన గీత ఎక్కడ గీశామన్నది. 1979లో పట్నంలో 2100, పల్లెలో 2400 కేలరీల తిండి కొనగలిగే ఖర్చును ఆధారం చేసుకున్నారు. 1973-74 ధరల్లో అది మనిషికి నెలకు పల్లెలో 49 రూపాయల 9 పైసలు, పట్నంలో 56 రూపాయల 64 పైసలు. తర్వాత దాన్ని ధరల సూచీతో పెంచుకుంటూ వచ్చారు. టెండూల్కర్ పద్ధతిలో 2011-12కి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పట్టణాలకు వచ్చిన రేఖ నెలకు 1,009 రూపాయలు, అంటే రోజుకు 34 లోపే. దేశానికి ఆ పద్ధతిలో పేదలు 21.9 శాతం. 2014లో రంగరాజన్ కమిటీ అదే ఏడాదికి దేశం మొత్తం పట్టణ రేఖను 1,407 రూపాయలకు పెంచింది, పేదలు 29.5 శాతమయ్యారు. ఆ తర్వాత కొత్త అధికారిక రేఖ రాలేదు. రేఖ లేనిచోట శాతం ఎలా చెబుతున్నారని ఏ వార్త చూసినా అడగాల్సిన ప్రశ్న.

చాలామంది ప్రపంచ బ్యాంకు రేఖను వాడుకుంటారు. అక్కడా ఉన్నది ఒకే గీత కాదు. అదే 2022-23 సర్వేతో మన దేశంలో పేదరికం పాత 2.15 డాలర్ల గీత కింద 2.3 శాతం, 2025 జూన్‌లో ప్రకటించిన 3 డాలర్ల గీత కింద 5.3 శాతం, మన స్థాయి దేశాలకు పెట్టిన 4.20 డాలర్ల గీత కింద 23.9 శాతం. సంతోషించాలనుకునేవాళ్లు మొదటిది, తిట్టాలనుకునేవాళ్లు చివరిది ఎత్తి రాస్తారు. రెండూ నిజమే. మా అభిప్రాయంలో ఈ మూడింటినీ కలిపి ఇవ్వడమే మంచిది. మొదటి గీతకూ మూడో గీతకూ మధ్య ఎంత జనం ఉన్నారో, ఒక్క జబ్బుకో ఒక్క తుపానుకో కిందికి జారే ఇళ్లు ఎన్నో అప్పుడు అర్థమవుతుంది.

ఈ డాలర్లను బ్యాంకు మారకం రేటుతో గుణించడం పత్రికల్లో మాటిమాటికీ కనిపించే పొరపాటు. ఇవి కొనుగోలు శక్తి డాలర్లు. 2017లో మారకం రేటు 65.12 రూపాయలు, కొనుగోలు శక్తి ప్రకారం డాలరు విలువ 20.65 రూపాయలు. అమెరికాలో డాలరుకు వచ్చే సరుకు మన దేశంలో ఇరవై రూపాయల చిల్లరకు వస్తుందని దాని అర్థం. అంచేత 2.15 డాలర్లంటే అప్పటి ధరల్లో రోజుకు ఇంచుమించు 45 రూపాయలు. 140 అని రాస్తే గీత మూడింతలు పైకి పోయినట్టే.

సర్వే కొలిచేది ఖర్చును. సుఖాన్ని కొలవదు. దీని పరిణామాలు కొన్ని చూస్తే ఆశ్చర్యమేస్తుంది. కంచరపాలెంలో ఒక కూలి కుటుంబం అప్పుచేసి ఆపరేషన్ చేయించుకుంటే ఆ ఆసుపత్రి బిల్లు వినియోగ వ్యయంలో కలుస్తుంది. ఆ ఏడాది ఆ ఇల్లు లెక్కల్లో కాస్త పైకి లేచినట్టు కనిపిస్తుంది. తర్వాత రెండేళ్లు కట్టే వడ్డీ మాత్రం వినియోగంలోకి రాదు. రోజువారీ ఫైనాన్స్ సంగతి ఇంకా తెలుసుకోవాలి. పదివేల అప్పుకి వెయ్యి ముందే కోసుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. ఇచ్చేవాడు దీన్ని పది శాతమే అంటాడు. కానీ అసలు రోజూ తగ్గుతూ పోతుంది, చేతిలో సగటున మిగిలేది నాలుగున్నర వేలే. దాని మీద వంద రోజులకు వెయ్యి రూపాయలు. ఏడాదికి తిప్పితే 80 శాతం దరిదాపుల్లో తేలుతుంది. రోడ్డు పక్క ఇడ్లీ బండి లాభంలోంచి రోజూ పోయే ఆ వంద రూపాయల సంగతి ఏ పేదరికం శాతంలోనూ ఉండదు.

కాలం కూడా మోసం చేస్తుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఫిషింగ్ హార్బర్ మీద బతికే కళాసీ ఇంటికి ఏడాది సగటు రేఖకు పైన ఉండొచ్చు, ఆ రెండు నెలలు కిందే. 2025లో ప్రభుత్వం ఈ నిషేధ కాలపు భృతిని పదివేల నుంచి ఇరవై వేలకు పెంచింది. అది పడవ మీద నమోదైన వేటగాడికి అందే సాయం. హార్బర్‌లో ఐసు కొట్టేవాళ్లు, చేపలు ఎండబెట్టి అమ్మే ఆడవాళ్లు వేటగాళ్లు కారు గనక ఈ భృతి లెక్కలోకి రారు, పని మాత్రం వాళ్లకూ ఆగుతుంది.

ఉచిత బియ్యాన్ని ఎలా లెక్కించారన్నది ఇంకో మెలిక. 2022-23లో దేశం మొత్తం మీద పల్లెల్లో నెలసరి తలసరి ఖర్చు 3,773 రూపాయలు. ఉచితంగా అందిన సరుకులకు విలువ కట్టి కలిపితే 3,860. పట్టణాల్లో 6,459 నుంచి 6,521. ఏ పట్టిక నుంచి అంకె ఎత్తుకున్నారో చెప్పకపోతే అటు పథకాల గొప్ప, ఇటు పథకాల వృథా, రెండూ నిరూపించొచ్చు.

వార్తల్లో వచ్చే ఆ ఆరు శాతం వీటిలో దేనికీ చెందదు. అది నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచీ. 2015-16లో రాష్ట్రంలో 11.77గా ఉన్నది 2019-21లో 6.06కి దిగింది. ఇందులో రూపాయి ప్రసక్తే లేదు. ఆరోగ్యం, చదువు, జీవన ప్రమాణం, మూడింటికీ మూడో వంతు చొప్పున బరువు, మొత్తం 12 అంశాలు. లోటు మూడో వంతుకు చేరిన ఇల్లు పేదది. కొండవాలు బస్తీలో మట్టి నేల ఇల్లు, పంచుకునే మరుగుదొడ్డి, కట్టెల పొయ్యి ఉన్న కుటుంబాన్ని తీసుకోండి. ఈ మూడూ జీవన ప్రమాణంలోవి, ఒక్కోటి ఇరవై ఒకటిలో ఒక వంతు. మొత్తం 14 శాతం. ఈ ఇల్లు పేదది కాదు. పక్కింట్లో గ్యాసుంది, టీవీ ఉంది, డాబా ఉంది, కానీ ఒక బిడ్డకు పోషకాహార లోపం, ఇంకో బిడ్డ బడి మానేశాడు. ఒక్కోటి ఆరో వంతు, కలిపి మూడో వంతు. ఈ ఇల్లు పేదది. పొరపాటేమీ లేదు, సూచీ ఉద్దేశమే అది. బ్యాంకు ఖాతా, కరెంటు, గ్యాసు లాంటివి పథకాలతో త్వరగా మారతాయి, బిడ్డ ఎత్తు బరువు త్వరగా మారవు. అందుకే మొత్తం శాతం ఎంత దిగిందన్నదాని కంటే ఏ అంశంలో దిగిందో రాస్తే పాఠకుడికి పని జరుగుతుంది. ఇందులో జిల్లా అంకె తీసుకుందామన్నా, ఈ సర్వే జిల్లాల విభజనకు ముందుది. పాత విశాఖ పేదరికాన్ని కొత్త విశాఖ తలసరి పక్కన అచ్చువేస్తే రెండు వేర్వేరు నేలల్ని కలిపినట్టు.

శాతం లోతును చూపదన్నది కూడా మర్చిపోకూడదు. రేఖ వెయ్యి రూపాయలైతే, 990 ఉన్నవాడికి ఇరవై ఇస్తే పేదల సంఖ్య ఒకటి తగ్గుతుంది. 400 ఉన్నవాడికి మూడొందలు ఇచ్చినా సంఖ్య కదలదు. శాతాన్నే లక్ష్యంగా పెట్టుకున్న అధికారికి ఎవరికి సాయం చేయాలనిపిస్తుందో వేరే చెప్పాలా? పేదరికపు అంతరం అనే కొలత ఇందుకే ఉంది. ప్రతి పేద ఇల్లూ రేఖకు ఎంత దూరంలో ఉందో కూడి సగటు తీస్తారు. వార్తల్లో అది దాదాపు కనబడదు.

చివరిగా పెట్టుబడుల వార్తలు. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో డేటా కేంద్రం పెడతానని ప్రకటించింది. రావాల్సిందే, రానివ్వండి. అయితే ఆ మొత్తం జిల్లా ఆదాయం కాదు. సర్వర్లు, చిప్‌లు విదేశాల నుంచి దిగితే ఆ విలువ మన ఉత్పత్తిలోంచి తీసివేతే. ఇక్కడ మిగిలేది కట్టడం పని, తీగలు లాగే పని, విద్యుత్తు. నడిచేటప్పుడు అదనపు విలువలో పెద్ద భాగం లాభం, యంత్రాల తరుగు. సర్వర్లు కొన్నేళ్లకే పాతబడతాయి కాబట్టి తరుగు బరువే ఎక్కువ. చేతుల సంఖ్య తక్కువ. 2023-24 లెక్కల్లో దేశంలో పనివాళ్లలో 46 శాతం ఇంకా వ్యవసాయంలోనే ఉన్నారు, అక్కడ పుట్టే విలువ మాత్రం 18 శాతం దరిదాపుల్లో. అంటే పొలంలో మనిషి ఉత్పత్తి మిగతా రంగాల మనిషి ఉత్పత్తిలో నాలుగో వంతు. పేదరికం తగ్గేది ఆ మనిషి పొలం నుంచి మెరుగైన పనికి మారినప్పుడు. 1954లో అర్థశాస్త్రవేత్త ఆర్థర్ లూయిస్ చెప్పిన మాట ఇదే. ఈ కొలతతో చూస్తే అచ్యుతాపురంలో వేలమంది ఆడపిల్లలు కుట్టే దుస్తుల పరిశ్రమ పెట్టుబడిలో చిన్నది, పనిలో పెద్దది. ఉక్కు కర్మాగారం విషయంలోనూ గేటు లోపలి ఉద్యోగాలే చూస్తే సగం కథ పోతుంది. గాజువాక ఆటోనగర్ లేతు షెడ్లు, లారీలు, టిఫిన్ సెంటర్లు కూడా లెక్కలోకి రావాలి. 1958లో మరో అర్థశాస్త్రవేత్త హిర్ష్‌మన్ వెనుక లంకెలు (పరిశ్రమకు సరుకు అందించేవాళ్లు), ముందు లంకెలు (దాని సరుకు వాడుకునేవాళ్లు) అన్నది ఇలాంటివాటినే. డేటా కేంద్రం వార్తలో ఎన్ని కోట్లు అన్నదాని పక్కన ఇక్కడి కంపెనీల దగ్గర కొనేది ఎంత, శాశ్వత ఉద్యోగాలు ఎన్ని, ఒప్పందం మీది డబ్బులో ఇప్పటికి ఖర్చయింది ఎంత అన్నవి ఉంటే చాలు.

మా కోరిక చిన్నది. అంకె వేసిన ప్రతిసారీ దాని కింద ఒక వరుస పెంచండి. ఏ ఏడాదిది, ప్రస్తుత ధరలా స్థిర ధరలా, ఏ సర్వే, ఏ గీత, పాత జిల్లానా కొత్త జిల్లానా. ఆ వరుసకు సమాచారం ప్రకటనలో దొరక్కపోతే ‘ప్రకటనలో చెప్పలేదు’ అనే అచ్చువేయండి. నాలుగుసార్లు అలా వస్తే అయిదోసారి ఆ శాఖే పంపుతుంది.

ఇట్లు,
కొందరు అర్థశాస్త్ర అధ్యాపకులు,
విశాఖపట్నం